గల్ఫు దేశాల్లో మనవాళ్ల లెక్క



కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో దుబాయి పోయిన మనిషి లేని వాడ అరుదు. సౌదీ పోయినా, కువైట్ పోయినా, మస్కట్ పోయినా మన దగ్గర "దుబాయి పోయిండు" అనే అంటారు. 1973లో చమురు ధర బాగా పెరిగింది. ఆ దేశాల చేతికి డబ్బు వచ్చింది. రోడ్లు వేయాలి, మేడలు కట్టాలి. పనిచేసే చేతులు చాలలేదు. మనవాళ్లు పోయారు. ఇక్కడ బోర్లు ఎండినకొద్దీ ఇంకా పోయారు.

బయటివాళ్లు ఎంతమంది ఉండాలి, ఎంత తొందరగా తగ్గించాలి అని అక్కడ ఏళ్లుగా చర్చ నడుస్తోంది. 2020లో కువైట్ జనం సుమారు 48 లక్షలు. అందులో 34 లక్షలు బయటివాళ్లే. అంటే పదిమందిలో ఏడుగురు. దాన్ని ముగ్గురికి తేవాలని ఆ దేశ ప్రధానమంత్రే అన్నాడు. మా పిల్లలకు కొలువులేవి అని కొందరు అడుగుతారు. వీళ్లు పోతే ఇళ్లు ఎవరు కడతారు అని ఇంకొందరంటారు. సౌదీలో 2011లో 'నితాఖత్' పద్ధతి పెట్టారు. ప్రతి కంపెనీ కొంతమంది సౌదీవాళ్లను పనిలో పెట్టుకోవాలి. పెట్టుకోని కంపెనీకి ఎరుపు రంగు. అందులోని పరదేశుల కాగితాలకు గడువు పెంచరు.

వాళ్లది ఉత్త ఓర్వలేనితనం అనుకోవద్దు. మన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీళ్ల కింద కోస్తా రైతులు వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. సర్కారు కొలువులకూ బయటివాళ్లు వచ్చారు. 1952లో, 1969లో "మా కొలువులు మాకు కావాలె" అని తెలంగాణ పిల్లలు రోడ్డెక్కారు. అడగడం తప్పు కాదు. కానీ ఏళ్లతరబడి చెమటోడ్చినవాణ్ణి ఉన్నపళంగా పొమ్మంటే అది న్యాయం కాదు.

అక్కడి సర్కారు ఏం తీర్మానించినా, మొదటి దెబ్బ కాగితం సరిగా లేనివానికే. 2013 నవంబరులో సౌదీలో గడువు ముగియగానే గాలింపు మొదలైంది. అట్లాంటివాళ్లను మనవాళ్లు 'ఖల్లివల్లి' అంటారు. ఎందుకట్లా అవుతారు? "ఇది ఆజాద్ వీసా, ఎక్కడైనా పనిచేసుకో" అంటాడు ఏజెంటు. చట్టంలో అట్లాంటి వీసా లేనేలేదు. కాగితం మీద ఒక కఫీల్ పేరు, అంటే అక్కడి యజమాని పేరు ఉంటుంది. అతణ్ణి కాదని వేరేచోట చేస్తే నేరం. విజిట్ వీసా మీద పనిచేసినా నేరమే. పట్టుబడితే జైలు, ఆ తర్వాత వాపసు. మనిషి వాపసొచ్చినా అప్పు పోదు. మిత్తి పెరుగుతూనే ఉంటుంది. పుస్తెలు కుదువబెట్టిన ఆమెకే ఆ బరువు తెలుసు.

లైసెన్సున్న ఏజెంటు తన ఫీజు 30,000 రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోవద్దు. రశీదు ఇవ్వాలి. లక్షలు అడిగితే అనుమానించాల్సిందే.

మగవానికి తొందరెక్కువ. విమానం ఎక్కితే చాలనుకుంటాడు. ఒప్పందంలో ఏముందో ఇల్లాలు తెలుగులో చెప్పించుకోవాలి. జీతం అంకె, గడువు తారీకు ఆమె సొంతంగానే చూడవచ్చు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం జిరాక్సు తీసి పెట్టెలో దాచుకోవాలి. అక్కడ పాస్‌పోర్టు చాలాసార్లు కఫీల్ దగ్గరే ఉండిపోతుంది. మనిషి ఆపదలో ఉన్నాడని మన రాయబార కార్యాలయానికి రాస్తే, వాళ్లు ముందుగా అడిగేది ఆ నెంబరే.