భూమి పొరల పరీక్ష – బోరుబావికి ముందుచూపు

గ్రామ పంచాయతీ సభ్యులారా!

మంచినీటి బోరు వేయింపవలెనని తీర్మానించినంతనే మనకు ఎదురగు ప్రశ్న 'ఎక్కడ?' అనునది. నీరు పడని బోరుపై వెచ్చించిన గ్రామనిధి తిరిగి రాదు. వేసవిలో దూరమునుండి బిందెలు మోయువారి కష్టమును తీరదు. కావున త్రవ్వుటకు ముందే భూమి పొరలను అంచనావేయు విద్యుత్ నిరోధకతా పరీక్షనుగూర్చి నేడు ముచ్చటింతము.

తెలంగాణమునను, రాయలసీమయందు పెక్కుచోట్లను మనది రాతినేల. పైన ఎండుమన్ను, దానిక్రింద చివికినరాయి, పిమ్మట పగుళ్లుగల రాయి, అడుగున అఖండశిల యుండును. నీరు నిలుచునది చివికినరాతిలోను, పగుళ్లలోను. తడిపొర కరెంటును సులువుగా పోనిచ్చును, గట్టిశిల అడ్డగించును. పరీక్షకు ఇదియే ఆధారము.

నాలుగు ఇనుపమేకులను ఒకేవరుసలో సమదూరమున నాటి, వెలుపలి రెండింటిద్వారా కరెంటును పంపి, లోపలి రెండింటినడుమ ఓల్టేజిని కొలుతురు. ఈ పద్ధతిని 1915లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ వెన్నర్ వివరించెను. ఓల్టేజిని కరెంటుచే భాగించి, మేకుల ఎడముతోను, 6.28తోను గుణింపవలెను. ఎడము 10 మీటర్లు, భాగఫలము 1 ఓము అయినచో నిరోధకత 62.8 ఓమ్-మీటర్లు.

ఎడము పెంచినకొలది కరెంటు లోతునకు దిగును. అయితే వచ్చిన అంకె అన్ని పొరల కలగలుపు. ఎడమెంతయో లోతంతయని భ్రమపడరాదు. అంకెలను గీతగా గీచి, నిపుణులు పొరలను విడదీయుదురు. గీత మొదట ఎత్తుగానుండి, నడుమ దిగి, మరల లేచినచో ఎండుమన్ను, తడిపొర, శిల వరుసగానున్నవని ఊహింపవచ్చును.

ఇందొక చిక్కు కలదు. 40 ఓమ్-మీటర్ల పొర 10 మీటర్ల మందమున్నను, 20 ఓమ్-మీటర్ల పొర 5 మీటర్లే యున్నను గీత ఇంచుమించు ఒక్కటిగనే కనిపింపవచ్చును. బంకమన్నును, ఉప్పునీరును కూడ తక్కువ అంకెనే చూపును. ఈ సందేహమును తీర్చుటకు గ్రామమునందలి పాతబావుల సాక్ష్యము కావలెను. అది మనవద్దనే యున్నది.

కావున మనము చేయవలసినవి ఇవి: ఇరుగుపొరుగు బావులలో రాయి తగిలిన లోతును, నీటి మట్టమును వ్రాసియుంచుట; ఒక్కచోటగాక రెండుమూడుచోట్ల పరీక్ష జరిపించుట; ఇనుపకంచెలకు, భూమిలోని గొట్టములకు దూరముగా స్థలము చూపుట; నివేదికను వ్రాతమూలముగా పొందుట; బోరు వేయునపుడు ఏ లోతున ఏ మన్ను వచ్చెనో నమోదు చేయుట.

ఈ పరీక్ష నీటికి హామీపత్రము కాదు. గ్రుడ్డిగా త్రవ్వుటను తప్పించు దీపము. నీరు పడకపోయినను ఆ నమోదు వృథాగాదు. రేపటి బోరునకు అదియే దారిచూపును.