తగలబెట్టింది కొందరు, నష్టపోయింది ఊరంతా

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్. ఆందోళనల్లో ఇళ్లు, బస్సులు ఎందుకు తగలబెడతారు? ఆ నష్టం చివరికి ఎవరి మీద పడుతుంది? అమలాపురం సంగతే తీసుకుందాం.

2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. మే 18న ప్రభుత్వం దాని పేరులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేరుస్తామని చెప్పి, అభ్యంతరాలుంటే తెలపడానికి 30 రోజులు టైమ్ ఇచ్చింది. అంటే కాగితం మీద రాసి ఇవ్వడానికి నెల రోజులుంది. వారం కూడా తిరక్కుండానే, మే 24న, అమలాపురంలో మంటలు లేచాయి. అప్పటి మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇల్లు, బస్సులు తగలబెట్టారు. రాళ్ల దాడిలో పోలీసులకి దెబ్బలు తగిలాయి.

ఎందుకిలా? నా ఉద్దేశంలో పేరు ఒక సాకు. లోపల ఉన్నది కులాల మధ్య ఎప్పటినుంచో ఉన్న దూరం. దానికి వాట్సాప్ మెసేజ్‌లు తోడయ్యాయి. గుంపులో ఉంటే 'నన్నెవరు గుర్తుపడతార్లే' అనే ధైర్యం వస్తుంది. కానీ ఆ గుంపులోనే పది ఫోన్లు వీడియో తీస్తుంటాయి బాస్!

తర్వాత ఏమైంది? 144 సెక్షన్ పెట్టారు. ఇంటర్నెట్ ఆపేశారు, అదీ రోజుల తరబడి. నేనూ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్నే, నెట్ లేకపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి, పక్క జిల్లాలకి వెళ్లారు. వాళ్లు ఎవరి ఇల్లూ తగలబెట్టలేదు కదా!

నెల తిరక్కుండానే, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో అగ్నిపథ్ గొడవ. బోగీలు తగలబెట్టారు, పోలీసు కాల్పుల్లో ఒక కుర్రాడు చనిపోయాడు. రెండు రోజులకి సైన్యం క్లియర్‌గా చెప్పింది, విధ్వంసంలో ఉన్నవాళ్లకి అగ్నివీర్ అవకాశం లేదని. ఏ ఉద్యోగం కోసం రోడ్డెక్కారో, దానికే తలుపు మూసుకుంది.

చట్టం సంగతీ వినండి. ఇల్లు తగలబెడితే పదేళ్ల వరకు జైలు, లేదా యావజ్జీవం.

ఇంతా చేస్తే, ఆ జిల్లా పేరు ఈరోజుకీ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమే. మారింది పేరు కాదు, పక్కింటివాళ్లు ఒకరినొకరు చూసుకునే చూపు.

మీకు కోపం వస్తే అడగండి, రాయండి, కోర్టుకెళ్లండి. 'అందరూ రండి' అని మెసేజ్ వస్తే ఫార్వర్డ్ కొట్టకుండా ఆగండి. మీ గ్రూపులో ఆ మాట చెప్పే మొదటి మనిషి మీరే అవ్వండి. ఉంటా మరి!