వెనుకనుండి వచ్చిన స్త్రీ

(రేడియో ప్రసంగ పాఠము)

రామగిరి, పెనుకొండ, ధర్మవరము, హిందూపురము ప్రాంతాలలో ఇండ్లలోను, మగ్గాల దగ్గరను, పొలము గట్ల మీదను ఈ కార్యక్రమము వింటున్న మీ అందరితో మాట్లాడుటకు దేవుడిచ్చిన సమయమునకై స్తోత్రము.

మార్కు సువార్త 5వ అధ్యాయములో ఇద్దరు ప్రభువు సహాయము కొరకు వచ్చారు. ఒకరు సమాజమందిరపు అధికారియైన యాయీరు. ఆయన అందరి యెదుట ప్రభువు పాదముల మీద పడి, తన కుమార్తె ప్రాణము కొరకు నోరు తెరచి అడిగాడు. రెండవది ఒక స్త్రీ. 12 ఏండ్లుగా ఆమెకు రక్తస్రావము. ఆమె ఎదుటికి రాలేదు, నోరు తెరువలేదు. జనములో కలిసిపోయి, వెనుకనుండి వచ్చి వస్త్రము ముట్టింది. ఇద్దరిదీ పెద్ద కష్టమే. అయితే ఆయన కష్టము వీధిలో చెప్పుకోదగినది, ఈమెది కాదు. లేవీయకాండము 15వ అధ్యాయము ప్రకారము ఆమె కూర్చున్న చోటు కూడా అపవిత్రమే.

అయినను ఈ తల్లిని మెచ్చుకోవలసిన సంగతి ఒకటున్నది. ఆమె వైద్యుల యొద్దకు వెళ్లింది. కలిగినదంతా వారికే ఖర్చు పెట్టింది. మన తల్లులు చాలామంది అంతవరకు కూడా వెళ్లరు.

రామగిరి మండలములో ఒక పల్లె. అక్కడి సంఘములో ఒక తల్లికి ముట్టు నిలిచిపోయి 6 ఏండ్లయింది. ఒకనాడు మళ్లీ రక్తము కనబడింది. కొంచెమే గదా అనుకొంది. 8 నెలలు ఎవరికీ చెప్పలేదు, భర్తకు చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పండమ్మా అన్నప్పుడెల్లా "మోకాళ్ల నొప్పులు అయ్యగారూ" అనేది. చివరకు ఒక రోజు గిన్నెలు కడుగుతూ నా భార్యతో చెప్పింది. వాళ్లు రైలెక్కించి బెంగుళూరు కిద్వాయి ఆసుపత్రికి తీసుకొని పోయారు. గర్భసంచి క్యాన్సరు అన్నారు. దేవుని కృపవలన అది ఇంకా గర్భసంచి దాటలేదు. ఆపరేషను చేశారు, ఇప్పుడు బాగున్నది. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "ఎవరితో చెప్పుకొనేది అయ్యగారూ, ఆడోళ్ల రోగం" అంది.

ముట్టు నిలిచిన తరువాత ఒక్క చుక్క రక్తము కనబడినా డాక్టరుకు చూపించాలి. ప్రతిసారీ అది క్యాన్సరు కాదు. కాదని తేల్చవలసినది మాత్రము డాక్టరే, పక్కింటి పిన్నమ్మ కాదు.

ఆ తల్లికి డాక్టరుగారు ఇంకొక మాట చెప్పారట. బరువు తగ్గాలమ్మా అని. గర్భసంచికి, బరువుకు ఏమి సంబంధము అని ఆమె ఆశ్చర్యపోయింది. ఇది మనకు కూడా తెలియవలసిన సంగతి. కొవ్వు అనేది గోనెసంచిలో ధాన్యములాగా ఊరకే పడియుండేది కాదు. అది పనిచేస్తూనే ఉంటుంది. ముట్టు నిలిచిన తరువాత అండాశయములు ఈస్ట్రోజెను అనే హార్మోనును దాదాపు ఆపివేస్తాయి. కొవ్వు మాత్రము దానిని తయారుచేస్తూనే ఉంటుంది. ఆ హార్మోను గర్భసంచి పొరను, రొమ్ములోని కణములను పెరగమని పురికొల్పుతూ ఉంటుంది. దానికి తోడు పొట్ట పెరిగినవారి రక్తములో ఇన్సులిను ఎక్కువగా ఉంటుంది, అది కూడా కణములను ఊరకుండనివ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2016లో లెక్క తేల్చి, అధిక కొవ్వువలన 13 రకముల క్యాన్సర్ల అపాయము పెరుగుతుందని చెప్పింది. పెద్ద ప్రేగు, కాలేయము, మూత్రపిండము, పిత్తాశయము, క్లోమము అందులో ఉన్నాయి.

కరువు సీమలో స్థూలకాయమేమిటి అని మీరు అనవచ్చు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో 100కు 36 మంది అధిక బరువు గలవారు. పురుషులలో 31 మంది. 1983లో కిలో 2 రూపాయల బియ్యము వచ్చిన తరువాత సంగటి ముద్ద మెల్లగా పళ్లెములో పక్కకు జరిగింది. ఆకలి తీరింది, అందుకు దేవునికి స్తోత్రమే. అయితే గానుగ నూనె పోయి పామాయిల్ ప్యాకెట్టు వచ్చింది. రామగిరి బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. గనిలోకి దిగి చెమటోడ్చిన వారి కొడుకులు నేడు ఆటో సీటులోనో, కంప్యూటరు ముందో కూర్చుని సంపాదిస్తున్నారు. ధర్మవరములో మరమగ్గాలు వచ్చాయి. పని మారింది, అన్నము కొలత మారలేదు. టీ, బజ్జీ, మిక్చరు మాత్రము పెరిగాయి. కాబట్టి లావుగా ఉన్నవారిని చూచి తిండిపోతు అని నవ్వవద్దు. అలా నవ్వితే వారు మరింత వెనుకకు పోతారు, దాగుకొంటారు.

దర్జీ టేపు ఇంట్లో ఉన్నది గదా. నడుము చుట్టూ కొలవండి. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. ఇది పాస్టర్లకు కూడా వర్తిస్తుంది! దానియేలు బబులోనులో రాజు భోజనము మాని, పప్పుధాన్యములు, నీళ్లు చాలునన్నాడు. అది బరువు తగ్గుటకు చేసినది కాదు, నిజమే. కాని మన కూటముల తరువాత పెట్టే బిర్యానీ, కూల్ డ్రింకు, పుట్టినరోజు కేకుల ముందు ఆ యౌవనస్థుని గుర్తు చేసికొంటే మంచిది. ఒక పూట కొర్రన్నమో సంగటో, కూర ఎక్కువ, అన్నము తక్కువ, దినమునకు అరగంట గట్టి నడక. దీనికి ఖర్చేమీ లేదు.

పొగాకు మాట కూడా విడిచిపెట్టలేను. శ్రీకాకుళం వైపు కొందరు స్త్రీలు చుట్ట మండే కొసను నోటిలో పెట్టుకొని అడ్డపొగ త్రాగుతారు. వారికి అంగుట్లో క్యాన్సరు వస్తుందని వైద్యులు ఎన్నో ఏండ్ల క్రితమే వ్రాశారు. మన దగ్గర బీడీ, గుట్కా, ఆకు వక్కలో పొగాకు ఆ పనే చేస్తున్నాయి. నోటిలో మానని పుండు, తెల్లని మచ్చ రెండు మూడు వారాలు దాటితే చూపించండి. రొమ్ములో నొప్పిలేని గడ్డ కూడా అంతే. నొప్పి లేదు గదా అని ఆగవద్దు.

గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరు సంగతి వేరు. అది బరువువలన కాదు, ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్‌వలన వస్తుంది. ఆ వైరస్ బహు సాధారణమైనది, గనుక ఆ రోగము చూచి ఎవరి నడవడిని గూర్చి ఎవరూ మాట్లాడవద్దు. 9 నుండి 14 ఏండ్ల ఆడపిల్లలకు టీకా ఉన్నది, మన దేశములోనే తయారవుతున్నది. 30 దాటిన స్త్రీలు ముఖద్వారము, రొమ్ము, నోరు పరీక్ష చేయించుకోవాలి. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి, ఎక్కడ చేస్తారో చెబుతుంది.

ఎవరి పాపమో గనుక ఈ రోగము వచ్చిందని కొందరంటారు. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు కూడా అదే అడిగారు, ప్రభువు ఒప్పుకోలేదు. మందులు మానితేనే విశ్వాసమని బోధించేవారు కూడా ఉన్నారు. వారితో నేను ఏకీభవించను. హిజ్కియా కోలుకొనుటకు యెషయా ప్రవక్త ప్రార్థనతో పాటు అంజూరపు ముద్ద కూడా పుండుమీద వేయించాడు. భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపించిన ప్రయోగశాలనుండి వచ్చిన మెథోట్రెక్సేట్ అనే మందు ఈనాటికీ క్యాన్సరు రోగులకు ఇస్తున్నారు. అది కూడా దేవుడిచ్చిన జ్ఞానమే గదా.

ఇక ఆ స్త్రీ యొద్దకు వద్దాము. ఆమె స్వస్థపడింది, నిశ్శబ్దముగా వెళ్లిపోవాలనుకొంది. ప్రభువు వెళ్లనివ్వలేదు, నన్ను ముట్టినదెవరని ఆగాడు. యాయీరు ఇంట్లో పిల్ల చావు బ్రతుకుల మధ్య ఉన్నది, అయినా ఆగాడు. ఆమె వణకుచు వచ్చి ఉన్నదంతా చెప్పింది. ఎవరూ తాకని ఆమెను ఆయన అందరి యెదుట కుమారీ అని పిలిచాడు.

సహోదరులారా, ఈ రాత్రి మీ భార్యను, మీ తల్లిని నెమ్మదిగా అడగండి. స్త్రీల కూడికలో పెద్దవారు ఈ వారము పాట అయిన తరువాత ఈ మాట ఎత్తండి. ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లుటకు భయపడేవారితో ఒకరు తోడుగా వెళ్లండి.

ప్రార్థించుకొందము. ప్రేమగల తండ్రీ, ఫైళ్లు సంచిలో పెట్టుకొని ఈ రాత్రి బెంగుళూరు రైలెక్కుతున్న వారిని కాపాడుము. ఇంకా ఎవరికీ చెప్పుకోలేక వెనుక వరుసలో కూర్చున్న తల్లికి నోరు తెరచే ధైర్యమును, వినే మనిషిని అనుగ్రహించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.