అంగి మీద బొమ్మ మనదై ఉండాలె
(వార్షిక మహాసభలో టీ షర్టుల వ్యాపారంపై చేసిన ప్రసంగం)

ఆన్‌లైన్‌లో టీ షర్టులు అమ్మే పని మొదలుపెట్టాలని మా సంఘం అనుకుంటున్నది. ఫోన్ల అమ్ముడు ఎట్లా అని చాలామంది అడుగుతున్నరు. అది నేర్చుకుంటె వస్తది. అంతకన్న కష్టమైంది దానికి ముందే ఉన్నది. అంగి మీద ఏం బొమ్మ వెయ్యాలె, ఏం మాట రాయాలె? దీని మీద మేము కూసొని ఆలోచించిన సంగతులు మీ ముందు పెడుతున్నాం.

ఇది ఎందుకు పెద్ద సంగతో ముందుగాల చెప్తం. బీడీలు చేస్తె వెయ్యికి ఇంత అని కూలి. యూనిఫాంలు కుడితె జతకు ఇంత అని కూలి. సిరిసిల్ల సాంచెల సంగతీ అంతే. 2017ల బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది, సాంచెలు నడిచినయి. ఆర్డర్ ఆగితె సాంచెలు ఆగినయి. చెయ్యి మనది, ఏం చెయ్యాలో చెప్పేది వేరేవాళ్లు. టీ షర్టు బట్ట కూడా మన దగ్గరిది కాదు. సాంచె మీద నేసిన బట్ట దానికి పనికిరాదు, అల్లిన బట్ట కావాలె. అది ఎక్కువగా తమిళనాడు తిరుప్పూర్ నుంచి వస్తది. ప్రింటు మిషన్ మనకు లేదు, బయట వేయించాలె. ఇగ ఈ వ్యాపారంల మనది అనేది బొమ్మ ఒక్కటే. అది కూడా ఎవలదో తెచ్చి వేస్తె మనకు మళ్ల కూలే మిగుల్తది.

మంచి బొమ్మ ఎట్లా దొరుకుతది? బొమ్మ గురించి కాదు, తొడుక్కునే మనిషి గురించి ముందు అనుకోవాలె. "పువ్వు బొమ్మ వేద్దాం" అంటె ముచ్చట అక్కడనే ఆగిపోతది. "దుబాయిల పని చేసే మా తమ్ముడు ఏం తొడుక్కుంటడు?" అంటె పది ఆలోచనలు వస్తయి. మేము నోటు బుక్కుల ఇట్లా మనుషులను రాసుకున్నం: గల్ఫ్‌ల ఉన్న మన పిల్లలు, అమెరికాల బతుకమ్మ ఆడే ఆడబిడ్డలు, పదో తరగతి బ్యాచి కలుసుకునే పూర్వ విద్యార్థులు, గణేశ్ మండపాల యువకులు, శివరాత్రి జాతరకు వచ్చే భక్తులు. వీళ్లల్ల బ్యాచి వాళ్లు, మండపాల వాళ్లు ఇరవై ముప్పై ఒక్కసారే అడుగుతరు, అడ్వాన్సు ఇస్తరు. మొదలుపెట్టేటోళ్లకు అదే నిమ్మళం.

ఆ తర్వాత, ఆ మనిషికి మాత్రమే తెలిసిన ముచ్చట ఏంది అని అడగాలె. ఊరంతా సద్దుల బతుకమ్మ తొమ్మిదో రోజు ఆడుతది. మన వేములవాడల ఏడో రోజే ఆడుతం. బయటోళ్లకు ఇది తెల్వదు. "మాది ఏడొద్దుల బతుకమ్మ" అని రాసి, పక్కన గునుగు, తంగేడు పువ్వులతోటి ఏడు వరుసలు పేరిస్తె చాలు. ఎక్కడ ఉన్నా వేములవాడ బిడ్డ అది చూసి నవ్వుతది. పక్కనున్నామె "ఏడెందుకు?" అని అడుగుతది. అడిగించే బొమ్మనే అమ్ముడుపోతది.

ఇసొంటివి మన చుట్టూ ఉన్నయి. సిరిసిల్ల పిల్లలు సాంచె సప్పుడుకే నిద్రపోయిన్రు, ఆ మాటనే రాయొచ్చు. పొద్దుగాల వాకిట్ల వేసే చుక్కల ముగ్గు రెండు రంగులల్ల ముద్దుగ వస్తది. "ఏం వండినవ్?", "పోయొస్త" అని మనం రోజూ అనే మాటలు దూరంల ఉన్నోళ్లకు బంగారం.

రాజన్న భక్తుల కోసం స్వామి బొమ్మ వేద్దామని కొందరు అన్నరు. మేము వద్దనుకున్నం. అంగికి చెమట పడతది, పాతబడితె మసిబట్ట అయితది. దాని బదులు కోడె బొమ్మ గీసినం: రెండు కొమ్ములు, మెడల గంట, పలుపు తాడు. కోడె మొక్కు తీర్చుకున్నోళ్లకు అది చూస్తెనే అర్థమైతది.

తీసుకోగూడనివి కూడా చెప్పాలె. సినిమా హీరోల ఫొటోలు, క్రికెట్ జట్ల గుర్తులు, కంపెనీల గుర్తులు వెయ్యొద్దు. కాపీరైట్ చట్టం 1957 నుంచి ఉన్నది, ట్రేడ్ మార్కుల చట్టం 1999 నాటిది. అమ్మకం యాపులు అసొంటివి తీసేస్తయి, కేసు కూడా కావొచ్చు. గూగుల్‌ల కనబడ్డదంతా మనది కాదు. కళల సంగతి కూడా అంతే. కరీంనగర్ వెండి తీగ పనికి 2007ల, ఆదిలాబాద్ డోక్రాకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. గోండు అక్కల పచ్చబొట్ల గీతలు మస్తు బాగుంటయి. కానీ అవి వాళ్లవి. కావాలంటె వాళ్లను అడిగి, వాళ్లతోనే గీయించి, వాటా ఇచ్చి తీసుకోవాలె.

సిరిసిల్ల నేతన్న వెల్ది హరిప్రసాద్ 2022ల తన చేతులతోటి జీ20 గుర్తు నేసి ప్రధానమంత్రికి పంపిండు. ఆ నవంబర్ల "మన్ కీ బాత్"ల ఆయన పేరు దేశమంతా విన్నది. ఆ గుర్తు సర్కారుది, ఆయన కానుకగా పంపిండు, మనం దాన్ని అమ్ముకోలేం. కానీ సమయం చూసుకొని చేసిన పని ఎంత దూరం పోతదో దాంతోటి తెలుస్తది. బతుకమ్మ బొమ్మ పండుగ ముందటి రోజు పెడితె లాభం లేదు, రెండు నెలల ముందే పెట్టాలె.

పనిల పట్టించుకునే సంగతులు కొన్ని ఉన్నయి. పది అడుగుల దూరం నుంచి బొమ్మ తెల్వాలె. తెలుగు అక్షరాలకు ఒత్తులు కంప్యూటర్ల విడిపోతయి, ప్రింటుకు ముందు ఇద్దరు చదవాలె. బొమ్మను వాట్సాప్‌ల మామూలు ఫొటోగ పంపితె మసక అయితది, డాక్యుమెంటుగ పంపాలె. ఎక్కువ అంగీలకు స్క్రీన్ ప్రింటు అగ్గువ పడతది, కానీ ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలె, అందుకే రెండు రంగులు మించొద్దు. ఒకటి రెండు అంగీలకైతె డీటీఎఫ్ ప్రింటు మంచిది. మొదటి అంగిని ఐదుసార్లు ఉతికి చూసినంకనే అమ్మకానికి పెట్టాలె.

ఇగ లెక్క. ఉదాహరణకు అంగికి 160, ప్రింటుకు 70, కవరు, కొరియర్‌కు 70 అయితె మొత్తం 300. 399కి అమ్మితె 99 మిగుల్తది. పది పంపితె రెండు వాపసొచ్చినయి అనుకోండ్రి. ఎనిమిది మీద 792 వస్తది. రెండింటికి రానుపోను కొరియర్ 280 పోతది. మిగిలేది 512. అందుకే లోన్ తీసి వంద అంగీలు ముందే కొట్టించొద్దు. బొమ్మను ఫోన్ల స్టేటస్ పెట్టి, అడిగినోళ్లను లెక్కబెట్టి, పైసలు వచ్చినంకనే వేయించాలె. ఇంకొకటి, 2023 అక్టోబర్ నుంచి చిన్న అమ్మకందారులు మన రాష్ట్రం లోపల జీఎస్టీ నంబరు లేకుండ, ఎన్‌రోల్‌మెంటు నంబరుతోటి యాపులల్ల అమ్మొచ్చు. వేరే రాష్ట్రానికి పంపాలంటె జీఎస్టీ నంబరు కావాలె.

చివరగా సమాఖ్యను రెండు అడుగుతున్నాం. ఒకటి, ప్రతి గ్రామ సంఘం మూడు బొమ్మలు ఇయ్యాలె. గీసుడు రాకపోయినా ఫికర్ లేదు, మాట చెప్పినా చాలు, గీసేటోళ్లు గీస్తరు. రెండు, బొమ్మల రిజిస్టర్ పెట్టాలె. ఏ బొమ్మ ఎవరి ఆలోచనో, ఏ తారీఖున చెప్పిందో రాసి సంతకం తీసుకోవాలె. ఆ బొమ్మతోటి అమ్మిన ఒక్కో అంగికి పది రూపాయలు ఆమె పొదుపు ఖాతాల పడాలె. కుట్టిన కూలి ఒక్కసారే వస్తది. బొమ్మ పైసలు అది అమ్ముడుపోయినన్ని సార్లు వస్తయి. ఈ రెండింటినీ ఈ సభల తీర్మానంగ రాయాలని కోరుతున్నాం.