సైకిలుపై దంపతుల దేశాటనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున సైకిలును గూర్చిన ప్రసంగమేల అని కొందరికి తోపవచ్చును. సైకిలు, పుస్తకము - ఈ రెండును సామాన్యునకు స్వల్ప వ్యయముతో లోకమును చూపు సాధనములు. రెంటిని ఒక్కచో చేర్చిన దంపతుల కథ ఈ వేదికకు తగినదే.

జోసెఫ్ పెన్నెల్ చిత్రకారుడు. ఆయన సతి ఎలిజబెత్ రాబిన్స్ పెన్నెల్ రచయిత్రి. ఇరువురిదియు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరము. 1884లో వివాహమాడి ఇంగ్లండు చేరిన వీరు, ఆ యేటి ఆగస్టు మాసముననే లండను నుండి కాంటర్బరీకి యాత్ర వెడలిరి. వారి వాహనము ఇద్దరెక్కి తొక్కు మూడు చక్రముల సైకిలు. నేడు మనమెరిగిన రెండు సమచక్రముల సైకిలును స్టార్లీ అనునతడు ప్రచారమునకు తెచ్చినది 1885లో. డన్లప్ గాలి టైరుకు పేటెంటు పొందినది 1888లో. కనుక గతుకు బాటలో ప్రతి కుదుపును దేహము భరింపవలసినదే. నిట్టనిలువు మెట్ట యెదురైనచో దిగి త్రోయవలసినదే.

వారు ఎన్నుకొనినది పురాతనమైన యాత్రామార్గము. 1170లో కాంటర్బరీ ప్రధాన దేవాలయమున హతుడైన బెకెట్ అను మతాచార్యుని సమాధిని దర్శింప భక్తులు శతాబ్దములపాటు ఆ దారిని నడచిరి. అట్టి యాత్రికుల చేత కథలు చెప్పించుచు చాసరు మహాకవి పదునాలుగవ శతాబ్దమున తన ప్రసిద్ధ కావ్యమును రచించెను. ఆ కావ్యమును చదివిన మక్కువయే ఈ దంపతులను ఆ బాట పట్టించినది. చూడుడు! మొదట పుస్తకము, పిదప ప్రయాణము.

లండను నుండి కాంటర్బరీకి దూరము సుమారు 60 మైళ్లు. రాచెస్టరు, సిట్టింగ్‌బోర్న్, ఫావర్షాము ఊళ్ల మీదుగా కెంటు సీమలో ఆ బాట సాగును. కెంటు సీమ పండ్లతోటలకు పేరుపొందినది. బీరునకు చేదురుచి నిచ్చు హాపు పువ్వులు అచ్చట విస్తారముగా పండెడివి. ఆ పూతీగెలు ఎత్తైన గుంజల మీద ప్రాకును. పువ్వులను ఆరబెట్టుటకు శిఖరము వంటి కప్పుగల బట్టీలుండును. ఆగస్టు చివర కోతలు ఆరంభము కాగా, లండను పేదలు పిల్లాపాపలతో కూలికై ఆ పొలములకు తరలి వచ్చెడివారు. కోతల కాలమున మూటాముల్లెలతో ఊళ్లు దాటు కూలీల నెరిగిన దర్శి ప్రాంతమువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు.

యాత్ర ముగిసిన మరుసటి యేడు, 1885లో, "కాంటర్బరీ పిల్‌గ్రిమేజ్" అను చిన్న పొత్తము వెలువడినది. రచన భార్యది, చిత్రములు భర్తవి. ఇందలి విశేషము దూరము కాదు. అంతకంటె దూరము పోయినవారు పెక్కురు కలరు. భార్య వెనుక కూర్చుండి వచ్చిన ప్రయాణికురాలు కాదు. తానును తొక్కినది, తానును చూచినది, తానే వ్రాసినది. ఇంగ్లండులో వివాహిత స్త్రీకి తన ఆస్తిపై స్వతంత్రమైన హక్కు నిచ్చు చట్టము వచ్చినది 1882లోనే యని తలచినచో, దీని విలువ బోధపడును.

ఇట్టి విషయము మన చేరువలోనే మరియొక రూపమున జరిగినది. 1990 దశకపు తొలి యేండ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాయందు అక్షరాస్యతా ఉద్యమము నడచినప్పుడు, వేలకొలది గ్రామీణ స్త్రీలు అక్షరములతో పాటు సైకిలు తొక్కుటయు నేర్చిరి. చదువు వచ్చినను కదలుటకు మరియొకరి దయ కావలసినచో ఆ చదువు సగమే యని వారికి తెలిసినది.

యాత్రాగ్రంథములు తెలుగువారికి క్రొత్త కావు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణము విడిచి కాశికి పోయివచ్చి, దారిలోని ఊళ్లను, బాటలను, మనుజులను తన "కాశీయాత్ర చరిత్ర"లో పదిలపరచెను. ఆయన పెద్ద పరివారముతో పోయెను. పెన్నెల్ దంపతులు ఇరువురే పోయిరి. సాధనములు వేరు, చూచినదానిని వ్రాయవలెనను దీక్ష ఒక్కటే.

ఇక దర్శి మాటకు వత్తము. ఇచ్చటనుండి పొదిలికి, అద్దంకికి, కురిచేడు రైలు స్టేషనుకు దారులు కలవు. మెట్టచేలు, కందిచేలు, సాగరు కాలువ నీరు చూచి రూపుమారిన పొలములు ఆ దారులలో కనబడును. ఇంత చూచుచున్నను, దీనిని వ్రాసినవారెందరు? మార్కాపురపు పలకలపై ఎన్నియో ఊళ్ల బిడ్డలు ఓనమాలు దిద్దిరి. పలకల నిచ్చిన సీమ తన దారులను తాను వ్రాసికొనకుండుట న్యాయమా?

కావున గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తక ముంచుట మేలు. పొరుగూరికి పోయివచ్చిన ప్రతివారును తాము చూచినది అందులో నాలుగు వాక్యములు వ్రాయవలెను. ఆ పుస్తకము పురుషుల చేతి వ్రాతతోనే నిండరాదు. ఇంటికి పుస్తకము తీసికొనిపోవు చందాదారులు దానిని ఇల్లాలి చేతికిని అందింపవలెను. ఆమెయే వచ్చి తనకు నచ్చిన పుస్తకము నెన్నుకొనుట మరింత మేలు. వచ్చు స్వర్ణోత్సవ సంచికలో ఆ వ్రాతలు అచ్చుపడిన నాడు ఈ రజతోత్సవము సార్థకమగును.