బాలమూత్రవ్యాధులు: క్రిమిబలము, మన యేమరుపాటు



సంస్కృతము చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పిన మేము వైద్యవిషయమున నోరు విప్పుట సాహసమే. కాని యీ విషయమున మాదొక యపరాధము కలదు. దానిని పెద్దలయెదుట చెప్పుకొనుటకే యీ యవకాశమును గైకొంటిమి.

మూత్రకృచ్ఛ్రము మన ప్రాచీనులకు తెలియనిది కాదు; చరకసుశ్రుతు లిరువురును దానిని వర్ణించిరి. పిల్లలలో దానికి ముఖ్యకారణమగు సూక్ష్మజీవిని 1885లో మొదట వర్ణించినవాడు జర్మనుదేశపు బాలవైద్యుడు థియొడార్ ఎషెరిష్. ఆతని పేరనే దానిని ఎషెరిషియా కోలై యందురు. అది మన యందఱి ప్రేగులలో కాపురముండును. అచ్చట నున్నంతవఱకు సాధారణముగ నపకారము చేయదు. పిల్లల మూత్రవ్యాధులలో నూటికి సుమారు 80కి అదియే మూలము.

సాధువగు నీ జీవి శత్రువగు టెట్లు? బదులు దాని జన్యువులలో కలదు. నిరపాయకరమగు కే-12 యను తెగయొక్క జన్యులిపిని 1997లో చదివిరి. అందు 46 లక్షల యక్షరములు. మూత్రపిండవ్యాధిగల రోగినుండి గ్రహించిన సీఎఫ్‌టీ 073 యను తెగలిపిని 2002లో చదువగా 52 లక్షలు తేలినవి. తాటాకు ప్రతులలో ప్రక్షిప్తశ్లోకములు చేరినట్లు, ఇతరజీవులనుండి వచ్చిన జన్యుఖండము లిందు చేరియున్నవి. వ్యాధిని కలిగించు నాయుధములు పెక్కు లీ ఖండములలోనే యుండును. ‘పాప్’ అను జన్యువులు—పేరు మన చెవికి పాపమనియే వినబడును—సన్నని నూలుపోగులవంటి పట్టుకొమ్మలను నిర్మించును. వానితో క్రిమి మూత్రమార్గపు కణములను పట్టుకొని, ప్రవాహమునకు కొట్టుకొనిపోక పైకెక్కును. మఱికొన్ని జన్యువులు కణములను బ్రద్దలుచేయు విషమును, మన శరీరమునుండి యినుమును దొంగిలించు సాధనములను సమకూర్చును.

1976లో స్వీడనుదేశపు గోటెన్‌బర్గ్ నగరమున కాతరీనా స్వాన్‌బోర్గ్ మొదలగువారు పిల్లల మూత్రమును పరిశోధించిరి. మూత్రపిండములకు జ్వరము దెచ్చిన క్రిములు కణములను గట్టిగా నంటుకొనునని, లక్షణములు లేని పిల్లలలోని క్రిములు అంతగా నంటుకొనవని తేలినది. ఆ దేశమునందే యొక బాలిక మూత్రమున 83972 అను సంఖ్యగల క్రిమి మూడేండ్లు నిరపాయముగ నుండెను. దాని పట్టుకొమ్మల జన్యువులు చెడిపోయియుండెను.

అయిన నింకొక విషయము గమనింపదగును. మూత్రము మూత్రాశయమునుండి వెనుకకు మరలు లోపముగల పిల్లలలో ఆయుధములు లేని క్రిములును మూత్రపిండమును పాడుచేయుట వైద్యులు చూచిరి. బలవంతుడగు శత్రువు తలుపు విఱుగగొట్టుకొని వచ్చును. బలహీనుడు తెఱచిన తలుపున వచ్చును. క్రిమి జన్యువులు మన చేతిలో లేవు. తలుపు మన చేతిలో కలదు.

ఇప్పుడు మా యపరాధము. మేము పనిచేసిన యొక పాఠశాలలో బాలికలకు మరుగుదొడ్డి లేకుండెను. చిటికెనవ్రేలు చూపి ‘ఒంటికి’ అని యడిగిన పసివారిని, గంట కొట్టువఱకు కూర్చుండుడని యెన్నిసార్లు గద్దించితిమో! మూత్రమును బిగబట్టినకొలది క్రిమి వృద్ధికి వ్యవధి దొరకునని మే మెఱుంగము. ఒక బాలిక మాటిమాటికి జ్వరముతో మానుచుండగా నాగాలని మందలించితిమి. కొన్నియేండ్లకు ఆమె మూత్రపిండమునందు మచ్చ పడినదని తెలిసెను. మా కాఠిన్యమే కారణమని వైద్యు లనలేదు. మా మనస్సు మాత్ర మనుచునే యున్నది.

కావున తల్లులకు మనవి: కారణము తెలియని జ్వరము పసిబిడ్డకు వచ్చినచో దిష్టి తీయుటతో నూరకుండక, మందు మొదలిడుటకు ముందే మూత్రపరీక్ష చేయింపుడు. మలబద్ధకమును నిర్లక్ష్యము చేయకుడు. జ్వరము తగ్గగానే మందు మానకుడు; వైద్యుడు చెప్పినన్నినాళ్లును వాడుడు.

ఉపాధ్యాయులకు మనవి: వ్రేలు చూపిన బిడ్డను పంపుడు.

దాతలకు మనవి: బడికి గోపురమువంటి ద్వారము కట్టింపకున్నను లోటు లేదు. నీటివసతిగల మరుగుదొడ్డి కట్టింపుడు. దానిపై మీ పేరు చెక్కించుకొనుటకు సంకోచింపకుడు. అంతకు మించిన కీర్తిస్తంభము మాకు తోచదు.