రంగు పూసలా, సగ్గుబియ్యమా?

(కాకినాడలో జరిగిన తల్లుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నా ముందు రెండు గిన్నెలున్నాయి. ఒకదానిలో రంగురంగుల వాటర్ బీడ్స్, అంటే నీటి పూసలు. రెండోదానిలో ఉడికించిన సగ్గుబియ్యం. దూరం నుంచి రెండూ ఒకేలా మెరుస్తున్నాయి. కానీ పిల్లవాడు మింగితే ఒకటి అరుగుతుంది, ఇంకొకటి ఉబ్బుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మాట ఆలస్యమైన పిల్లలకు, దేన్నైనా తాకాలంటే బెదిరే పిల్లలకు ఆటల ద్వారా నేర్పడం నా పని. ఒకప్పుడు నేనే ఈ పూసల టబ్బు పెట్టాను. చెయ్యి తడిస్తేనే ఏడ్చే బాబు మోచేతుల దాకా ముంచి నవ్వాడు. అందుకే వాటిని వదులుకోవడం నాకు సులువు కాలేదు. ఒకరోజు టబ్బు తీశాక చాప కింద మూడు పూసలు దొరికాయి. ఎండిపోయి ఆవగింజంత అయ్యాయి. మన కంటికి ఆననివి పాకే పిల్లలకు ముందు కనబడతాయి. ఆ రోజే ఆపేశాను.

ఈ పూసలు నీటిని పీల్చుకునే ఒక రకం ప్లాస్టిక్. ఎండినప్పటి పరిమాణానికి వంద రెట్లకు పైగా ఉబ్బగలవు. కడుపులోకి వెళ్లాక కూడా ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి. మామూలు ఎక్స్‌రేలో సాధారణంగా కనబడవు. అమెరికాలో 2016 నుంచి 2022 వరకు వీటివల్ల సుమారు 7,800 సార్లు పిల్లలను అత్యవసర చికిత్సకు తీసుకెళ్లారని అక్కడి ప్రభుత్వ సంస్థ అంచనా. 2023లో పది నెలల పసిబిడ్డ చనిపోయింది. ఆ ఏడాది చివర్లో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ వీటిని పిల్లల ఆటవస్తువులుగా అమ్మడం మానేస్తామన్నాయి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కానీ ఇవి గాజు కూజాల్లో మొక్కల అలంకరణకు కూడా అమ్ముతారు. అప్పుడు ఆ గుర్తు కోసం ఎవరు చూస్తారు? పసిపిల్లలున్న ఇంట్లో అలంకరణకైనా వద్దు.

పిల్లలు మింగారని అనుమానం వస్తే వాంతి చేయించకండి, వాంతుల కోసం ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. "నీటి పూస మింగి ఉండవచ్చు" అని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి. ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. వాంతులు, కడుపు ఉబ్బరం, తిండి మానేయడం ప్రమాద సూచనలు. చెవిలో పడితే నీళ్లు గాని, చుక్కల మందు గాని వేయకండి. తడి తగిలితే ఇంకా ఉబ్బుతుంది.

మరి ఆట మానిపించాలా? అక్కర్లేదు. కర్రపెండలం నుంచి సగ్గుబియ్యం తీసే మిల్లులు మన పక్కనే సామర్లకోట, పెద్దాపురం ప్రాంతంలో ఉన్నాయి. సగ్గుబియ్యం మెత్తగా ఉడికించి, చల్లార్చి, పసుపో బీట్‌రూట్ రసమో కలపండి. జారుడుగా, చల్లగా అదే హాయి. రంజాన్ షర్బత్‌లో వేసే సబ్జా గింజలు బాగా నానబెట్టినా సరే. అయితే పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి, ఆట అయ్యాక అదే రోజు పారేయాలి.

పిల్లలు మనకు అమానత్. వారి నవ్వు కోసమే ఆట. ఆ నవ్వుకు ప్రాణం పణంగా పెట్టనక్కర్లేదు. ఇంటికెళ్లగానే ఒకసారి మంచం కింద, చాప కింద చూడండి.

అల్లాహ్ మన బిడ్డలందరినీ కాపాడుగాక. ఆమీన్. వస్సలాం.